చూడకుండా చదివిన బొమ్మలు

కొన్నేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడుపడదు, బయటికి రాదు. దేవుడికి తెలుసు కదా అని చాలాకాలం సరిపెట్టుకున్నాను. దేవుడికి తెలిస్తే ఏం లాభం? తెలియాల్సింది నా కూతురికి.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. ఎలిమెంటరీ స్కూల్లో పిల్లలకు చదువు చెప్పి రిటైరైన మనిషిని, అంతవరకు చాలు. నా మనవరాలిని ఇక్కడ పండు అంటాను. దాని అసలు పేరు చాలా బాగుంటుంది. ఈ సంగతుల మధ్య ఆ పేరు రాయడానికి నాకు చేతులు రావడం లేదు.

రిటైరైన ఏడాదే అమెరికాలో అమ్మాయి వాళ్ళుండే ప్లేనో వెళ్ళాను. అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఉద్యోగస్తులు. పండుకు అప్పుడే ఐదు నిండుతున్నాయి. పొద్దున్నే రెండు కార్లూ వెళ్ళిపోయాక ఆ వీధిలో మనిషి అలికిడి ఉండేది కాదు. అన్నీ ఒకే రంగు ఇటుకల ఇళ్ళు, అన్ని కిటికీలకూ మూసేసిన బ్లైండ్స్. ఏసీ ఆగినప్పుడు చెవులు గుయ్యిమనేవి. జీవితమంతా పిల్లల గోలలో బతికినదాన్ని. ఆ ఇంట్లో నా గాజుల చప్పుడుకు నేనే ఉలిక్కిపడేదాన్ని.

పండుకు ఒక ఆట ఉండేది. హాల్ చివర నిలబడి, అరచేత్తో కుడి కన్ను మూసుకుని, నా వైపు చూసేది. పిలిస్తే పలికేది కాదు. కాసేపటికి చేయి తీసి "వచ్చేశావ్!" అని కిలకిలా నవ్వేది. మొదట్లో నేనూ నవ్వాను. తర్వాత్తర్వాత పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరిగేసరికి అది చప్పుడు లేకుండా అలా నిలబడి ఉంటే గుండె ఝల్లుమనేది. ఏమిటే ఆ ఆట అని ఒక్కసారి కూడా అడగలేదు. అంతమంది పిల్లల్ని చూసినదాన్ని, అడగలేదు.

ఆ వేసవిలో కిండర్‌గార్టెన్‌లో చేర్చే ముందు స్కూల్ వాళ్ళు పిల్లల్ని ఒక రోజు రమ్మన్నారు. టీకాల కాగితాలు చూస్తారు. రంగులు అడుగుతారు, కత్తెర పట్టుకోవడం వచ్చో రాదో చూస్తారు, చెవులూ కళ్ళూ పరీక్ష చేస్తారు. అమ్మాయికి ఆఫీస్ కాల్ ఉండి కార్‌లోనే ఉండిపోయింది. నువ్వు టీచర్‌వి కదమ్మా, ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు అంది. ఆ మాటకు పొంగిపోయి పండు చేయి పట్టుకుని లోపలికి వెళ్ళాను.

కళ్ళ పరీక్ష స్కూల్ లైబ్రరీలో పెట్టారు. గోడకు ఒక అట్ట తగిలించి ఉంది. అంత చిన్నపిల్లలకు అక్షరాలు రావు కాబట్టి దాని మీద బొమ్మలున్నాయి. ఇల్లు, ఆపిల్, గుండ్రం, చదరం. ఉన్నవి ఆ నాలుగే, కానీ ప్రతి వరసలోనూ తారుమారవుతాయి, కిందికి పోయేకొద్దీ చిన్నవవుతాయి. పిల్లలు లైన్‌లో వచ్చి ఒక కన్ను మూసుకుని, తర్వాత రెండోది మూసుకుని చదువుతున్నారు. పండు ఎడమ కన్ను మూసుకుని గడగడా చెప్పేసింది. కుడి కన్ను మూయగానే ఆగిపోయింది. నర్సు ఓపిగ్గా చాలాసేపు అడిగింది. సిగ్గుపడుతున్నట్టుంది, వచ్చేవారం తీసుకురండి, అప్పుడూ ఇలాగే ఉంటే కళ్ళ డాక్టర్‌కు చూపించాల్సి ఉంటుంది అంది. వెనక ఉన్న తల్లులంతా మా వైపే చూస్తున్నట్టనిపించింది. నాకు తల కొట్టేసినట్టయింది.

కార్ ఎక్కాక, జనం ఎక్కువగా ఉన్నారు, వచ్చేవారం మళ్ళీ రమ్మన్నారు అని అమ్మాయికి చెప్పాను. ఆ అబద్ధం నేను ఆలోచించి ఆడలేదు. దానంతట అదే నోట్లోంచి వచ్చేసింది.

మా స్కూల్‌కు ఇన్‌స్పెక్టర్ వచ్చే ముందు ఏం చేసేవాళ్ళమో నాతో పనిచేసిన వాళ్ళకు తెలుసు. పాఠాలు కట్టిపెట్టి, ఆయన ముందు అడగాల్సిన ప్రశ్నలూ జవాబులూ బట్టీ పట్టించేవాళ్ళం. ఆయన ఎదురుగా నేను ప్రశ్న అడగ్గానే క్లాసంతా చేతులెత్తాలి. జవాబు వచ్చినవాళ్ళు కుడి చేయి, రానివాళ్ళు ఎడమ చేయి. కుడి చేయి ఎత్తినవాళ్ళనే నేను లేపేదాన్ని. ఆయన టీ తాగి, భేష్ అని రాసి వెళ్ళిపోయేవాడు. నా క్లాస్ ఏనాడూ మాట పడలేదు. ఎడమ చేతులెత్తిన పిల్లలు తర్వాత ఏమయ్యారని నేను ఎప్పుడైనా అనుకున్నానా? లేదు.

ఆ వారమంతా పండును ఇన్‌స్పెక్షన్‌కు తయారు చేశాను. పాలలో వేసుకుతినే సీరియల్ అట్టడబ్బా విప్పి, లోపలి వైపు ఆ బొమ్మలు గీశాను. లైన్‌లో నిలబడి అంతమంది నోట వినేసరికి వరసలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. పొద్దున దాన్ని ఫ్రిజ్‌కి అంటించి, అమ్మాయి వచ్చే వేళకు తీసి నా సూట్‌కేస్‌లో దాచేదాన్ని. పండు దాన్ని పాట కట్టేసింది. హౌస్, ఆపిల్, సర్కిల్, స్క్వేర్. ఆపిల్, స్క్వేర్, హౌస్, సర్కిల్. మెట్ల మీద నుంచి, బాత్‌రూమ్‌లో నుంచి, బల్ల కింద నుంచి అదే పాట. ఆ ఖాళీ ఇంట్లో ఏ గదిలోంచి వస్తోందో తెలిసేది కాదు. పిల్ల నా పక్కనే నిద్రపోతున్నప్పుడు కూడా ఒక మధ్యాహ్నం అది మేడ మీద వినిపించినట్టయి, పైకి వెళ్ళి గదులన్నీ చూసి వచ్చాను.

ఒకవేళ అట్ట మార్చేస్తే ఎలా అని ఇంకొకటి కూడా నేర్పాను. లైన్‌లో ముందున్నవాళ్ళు చెప్పేది చెవిపెట్టి విని గుర్తుంచుకోవడం. ఎంత ముందుచూపో చూడండి నాది!

ఆ వారంలోనే ఒకరోజు, దాన్ని అట్టకు దూరంగా నిలబెట్టి కుడి కన్ను మూసుకోమన్నాను. అది అట్ట వైపు చూడలేదు. ఫ్రిజ్ పక్కన ఉన్న నా వైపు చూసింది.

"అమ్మమ్మా, ఇప్పుడు నువ్వు లేవు."

"లేకపోవడమేంటే, ఇక్కడే ఉన్నాగా."

"చీర ఉంది. ఫేస్ లేదు. కళ్ళు లేదు, నోరు లేదు. వాయిస్ ఒక్కటే ఉంది."

"భయమేస్తోందా?"

"నో. ఈ కన్నుతో అందరూ అట్లే ఉంటారు. మమ్మీ కూడా."

"మమ్మీకి చెప్పావా ఈ మాట?"

"లేదు. చెప్పాలా?"

"వద్దులే. మనిద్దరి సీక్రెట్. టెస్ట్ అయిపోయాక నీకు ఐస్‌క్రీమ్ కొనిపిస్తాగా."

నాకు తెలియక చేశానని చెప్పుకోవడానికి ఇక వీల్లేదు. తెలిసింది. ఐదేళ్ళ పిల్ల నాకు తెలిసేట్టు చెప్పింది. చెప్పాలా అని నన్నే అడిగింది కూడా. వద్దన్నాను. ఎందుకన్నాను? అంత చిన్న ఆడపిల్లకు కళ్ళజోడేమిటనా? పెద్దయితే అదే సర్దుకుంటుందనా? అమ్మాయి ఉద్యోగం హడావుడిలో కంగారుపడుతుందనా? ఇవన్నీ తర్వాత తీరిగ్గా కూర్చుని అల్లుకున్న సమాధానాలు. అసలు సంగతి మీకు చెబుతాను. టీచరమ్మ మనవరాలు బడి గడప తొక్కకముందే ఫెయిలైందని అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు. నా క్లాస్ మాట పడకూడదు. అంతే. అంతకంటే గొప్ప కారణం ఎంత వెతికినా నాలో దొరకలేదు.

మళ్ళీ వెళ్ళాం. అమ్మాయి మళ్ళీ కార్‌లోనే ఉండిపోయింది. అదే అట్ట, అదే నర్సు. పండు కుడి కన్ను మూసుకుని మొదలుపెట్టింది. హౌస్, ఆపిల్, సర్కిల్, స్క్వేర్. అప్పుడే ఒకతను మడత బల్ల మోసుకుంటూ వచ్చి, దాన్ని ఎక్కడ వేయాలో తెలియక సరిగ్గా ఆ అట్టకు అడ్డంగా ఆగిపోయాడు. పండు ఆగలేదు. ఆ మనిషి వీపు వైపు చూస్తూ మిగతా వరసలన్నీ చెప్పేసింది. ఒక్క తప్పు లేదు. నర్సు కాగితంలో రాసుకుంటూ తలెత్తలేదు. అతను పక్కకు జరిగాడు. చదివేసిన బొమ్మలు అప్పుడు బయటపడ్డాయి.

నర్సమ్మా, ఆగండి అనాలి. అనలేదు. ఆవిడ పండు చొక్కా మీద నక్షత్రం స్టిక్కర్ అంటించి, గుడ్ జాబ్ అంది. నేను థాంక్యూ అన్నాను.

వీసా గడువు అయిపోయి ఇండియా వచ్చేశాను. ఫస్ట్ గ్రేడ్‌లో మళ్ళీ పరీక్ష పెడితే పండు దానంతట అదే పాసైంది. అప్పటికి నేను పక్కన ఉండాల్సిన అవసరం కూడా లేదు. లైన్‌లో చెవి పెట్టడం వచ్చు కదా.

థర్డ్ గ్రేడ్‌లో దొరికిపోయింది. ఆ ఏడు గోడ మీద అట్ట లేదట. ఒక్కొక్కరినీ విడిగా గదిలోకి పిలిచి, ఒక పెట్టెలోకి చూడమన్నారట. ముందు చెప్పేవాళ్ళు లేరు, వినడానికేమీ లేదు. అమ్మాయి ఫోన్‌లో ఏడుస్తూ చెప్పింది. పెట్టెలో ఉన్నవి అంకెలట. ఎడమ కంటి వంతు వచ్చేసరికి పండు మాత్రం హౌస్, ఆపిల్, సర్కిల్, స్క్వేర్ అని చెప్పుకుంటూ పోయిందట. అనుమానమొచ్చి నర్సు లోపలి లైటు ఆర్పేసిందట. ఆ చీకట్లోకి చూస్తూ కూడా చెప్పిందట. ఎక్కడ నేర్చుకున్నావే అంటే నోరు విప్పదట.

డాక్టర్ చెప్పింది ఇదీ. ఆ కన్ను చూడటానికి బాగానే ఉంటుంది, కానీ దాంతో చూడటం మెదడు మానేసింది. ఐదేళ్ళప్పుడే కళ్ళజోడు పెట్టి, మంచి కన్నుకు కొంతకాలం ప్యాచ్ కట్టి ఉంటే చాలావరకు దారికొచ్చేది. ఇప్పుడు కట్టినా కొద్దిగానే. కట్టారు. ప్యాచ్ పెట్టినంతసేపూ ఆ పిల్ల గోడలు తడుముకుంటూ తిరిగేదట. చూపు కొద్దిగానే వచ్చింది.

తల్లినై ఉండి చూసుకోలేకపోయానమ్మా, ఆ రోజు కార్ దిగి లోపలికి రావాల్సింది అంది అమ్మాయి. ఊరుకోవే, ఎవరి తప్పూ లేదు అన్నాను. కన్ను సంగతి ఒక ఎత్తు, నేనన్న ఆ మాట ఒక ఎత్తు.

మళ్ళీ ప్లేనో వెళ్ళేటప్పటికి పండుకు పదేళ్ళు. పిల్లలు కంప్యూటర్‌లో జాగ్రత్తగా ఉండాలని స్కూల్లో పాఠం చెప్పారు. ఆ సూత్రాలను ఇంట్లో పెద్దవాళ్ళతో కలిసి చదవాలి. ఒక సాయంత్రం డైనింగ్ టేబుల్ దగ్గర అమ్మాయి పైకి చదువుతోంది. తెలియని వాళ్ళకు పేరు, ఊరు చెప్పకూడదు. ఫోటోలు పంపకూడదు. పెద్దవాళ్ళెవరైనా ఇది మనిద్దరి సీక్రెట్, మీ అమ్మకు చెప్పొద్దు అంటే, వెంటనే అమ్మకు చెప్పాలి.

పండు తలెత్తింది. ఆన్‌లైన్‌లోనేనా, ఇంట్లో కూడానా అని అడిగింది. ఎక్కడైనా సరే, ఏం, ఎవరైనా అన్నారా అంది వాళ్ళమ్మ. నా చేతిలో మజ్జిగ గ్లాసు ఉంది. అది చెప్పేస్తే బాగుండునని, చెప్పకపోతే బాగుండునని, రెండూ ఒకేసారి అనుకున్నాను.

పండు మెల్లగా అరచేయి ఎత్తి కుడి కన్ను మూసుకుంది. నా వైపే చూసింది. చాలాసేపు చూసింది.

ఎవరూ అనలేదు మమ్మీ అంది. చేయి తీసింది. ఈసారి "వచ్చేశావ్" అనలేదు.

ఇప్పటికీ అమ్మాయి ఫోన్ చేసినప్పుడు, ఏదో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ కార్ దగ్గరికే వచ్చి ఆగుతుంది. దిగి ఉండాల్సిందమ్మా అంటుంది. నేను వంటల గురించి అడిగి మాట మార్చేస్తాను. పండు తనంతట తాను ఎన్నటికీ చెప్పదు. నేను నేర్పింది దేన్నీ అది మర్చిపోదు.

అందుకని ఇది రాస్తున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగను, అది ఇవ్వాల్సినవాళ్ళు మీరు కారు. కాగితం మీద పెట్టాక గొంతులో కాస్త గాలాడుతోంది, అంతవరకే. అమ్మాయికి చెప్పాల్సిన మాట ఇది. దీన్ని ఒకసారి పైకి చదువుకున్నాను, నా గొంతుతో వినిపిస్తే ఎలా ఉంటుందో చూద్దామని.

నువ్వు కార్ దిగకపోవడం వల్ల కాదమ్మా. లోపల నేనున్నాను కాబట్టి.