వేడినీళ్లలో లాంబ్రుస్కో

ఆ రోజుల్లో నా దగ్గర పుష్కలంగా ఉన్నది కోపం ఒక్కటే. ఇప్పుడూ ఉందిలెండి, కాకపోతే బీపీ మాత్ర వేసుకుని మరీ కోప్పడుతున్నా. టెన్త్‌తోనే చదువుకి దండం పెట్టినవాణ్ణి. మా ఆవిడ నర్సింగ్ చదవడానికి వస్తే, డిపెండెంట్ వీసా మీద ఆవిడ వెనకాలే సూట్‌కేసులు మోసుకుంటూ సిడ్నీలో దిగాను (పెళ్లి ఫొటోలో కూడా ఆవిడ వెనకే ఉంటాను). వెస్ట్‌మీడ్‌లో ఒక ఇటాలియన్ హోటల్లో గిన్నెలు తోమీ తోమీ, చివరికి టేబుళ్ల దగ్గరికి వచ్చాను. అదీ ట్రయల్ మీదే. ఓనరుకి నేను పెట్టుకున్న పేరు మీసాలాయన. "ఈ ఆదివారం లంచ్ గొడవ లేకుండా గడిస్తే ఉద్యోగం నీది" అన్నాడు.

మీసాలాయనది ఇటలీలోని ఎమీలియా ప్రాంతంలో, మోదెనా ఊరి పక్కన పల్లె. చదునైన నేల, చలికాలమంతా పొగమంచు, ఏ ఇంట చూసినా పంది మాంసం, చీజ్. అంత కొవ్వు తిన్న నోటిని కడగడానికి అక్కడివాళ్లు తాగేది లాంబ్రుస్కో. ఎర్ర వైనే, కానీ నురగొస్తుంది, ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా తాగాలి. పెద్ద తెలివితేటలేం అక్కర్లేదు, గటగటా దిగిపోతుంది. మొదటిసారి రుచి చూసినప్పుడు మా తెనాలి వైపు పొద్దున్నే దింపిన తాటికల్లుకి ఎర్రచొక్కా తొడిగినట్టు అనిపించింది. ప్రపంచంలో నాకు తెలిసిన వైన్ అదొక్కటే. కానీ దాని గురించి బాగా తెలుసు.

ఆ ఆదివారం మనవాళ్లే వచ్చారు, ఎనిమిదిమంది డాక్టర్లు. పెద్ద కుర్చీలో తెల్లచొక్కా అంకుల్. నేను పోసిన లాంబ్రుస్కో ఒక గుక్క తాగి గ్లాసు అటు తోశాడు.

"ఏం బాబూ, తెలుగేనా? ఏం చదివావు?"

(వైన్ బాగోకపోతే చదువెందుకు అడుగుతారో నాకిప్పటికీ అర్థం కాదు.)

"టెన్త్ అండి."

"పాసా?"

టేబులంతా నవ్వింది. నవ్వనిది అంకుల్ పక్కన కూర్చున్న వాళ్లావిడ, ఆంటీ ఒక్కరే.

"రెడ్ వైన్ ఎప్పుడూ రూమ్ టెంపరేచర్‌లో ఇవ్వాలి. ఇది ఫ్రిజ్‌లో పెట్టారు, పైగా నురగ. పులిసిపోయింది."

"ఇది చల్లగానే తాగాలండి అంకుల్. మోదెనాలో అంతా..."

"నువ్వెళ్లావా ఇటలీ?"

"లేదండి."

"నేనెళ్లాను. కాన్ఫరెన్స్‌కి. వేరే బాటిల్ తీసుకో, వేడినీళ్లలో కాసేపు ఉంచి తీసుకురా. వెళ్లు."

పసిపిల్లాడి పాలసీసా అనుకున్నాడో ఏమిటో! నాకు ఒళ్లు మండిపోయింది. పాస్తా ఉడికించిన నీళ్లు బకెట్‌లో పోసి, కొత్త బాటిల్ అందులో దింపాను. అది వేడెక్కుతుంటే నేనూ వేడెక్కుతున్నాను. పాసా అట, పాసా! పాసే, ఇంగ్లీషు తప్ప. ఆ ఇంగ్లీషులోనే కదా ఇప్పుడు ఈ ఊరికి అన్నం పెడుతున్నాను!

టేబుల్ దగ్గర కార్కు మీద చెయ్యి వేశానో లేదో, తుపాకీ పేలినట్టు పేలింది. అంకుల్ తెల్లచొక్కా సర్జరీ చేసొచ్చినట్టు అయింది. ఆంటీ మాత్రం పమిట నోట్లో కుక్కుకున్నారు, ఆవిడ భుజాలు ఊగుతున్నాయి.

మీసాలాయన పరిగెత్తుకొచ్చి అంకుల్‌కి పది క్షమాపణలు చెప్పాడు. తర్వాత బాటిల్ ముట్టుకున్నాడు. మొహం మారిపోయింది. నన్ను వంటింట్లోకి లాక్కెళ్లాడు.

"దీన్ని వేడి చేసిందెవరు?"

"నేనే. ఆయన చెయ్యమన్నాడు."

"ఆయనకి తెలీదు. నీకు తెలుసు కదా?"

బకెట్‌లో వేడినీళ్లు సింకులో పారబోశాను.

"చొక్కా ఉతికితే పోతుంది. మా ఊరి వైన్‌కి నువ్వు వేడినీళ్ల స్నానం చేయించావు. ఏప్రన్ విప్పి వెళ్లు."

ఇంటికొచ్చి మా ఆవిడతో "దానంతటదే పేలింది" అన్నాను. ఇన్నేళ్లూ అందరికీ అదే చెప్పాను. మీకు నిజం చెబుతున్నా: వంటింటి నుంచి టేబుల్ దాకా ఆ బాటిల్ని పిడికిట్లో పట్టి ఊపుకుంటూ వెళ్లాను. ఏమవుతుందో నాకు బాగా తెలుసు.

ఆ అంకుల్ మీద కోపం ఇంకా అలాగే ఉంది. మీసాలాయన మీదే రాలేదు. ఉద్యోగం తీసేస్తూ కూడా 'నీకు తెలుసు' అన్నది ఈ ఊళ్లో ఆయనొక్కడే మరి. ఇప్పుడు బ్లాక్‌టౌన్‌లో నాకో చిన్న హోటలుంది. ఆ రోజు బాటిల్ ఊపిన ఆ కుర్రాడు, అంటే అప్పటి నేను, రేపొచ్చి పని అడిగితే ఇవ్వను, ఛస్తే ఇవ్వను. కూర్చోబెట్టి, కడుపునిండా తినిపించి, చల్లటి గ్లాసు ఒకటి చేతికిచ్చి పంపిస్తాను.