సారు కంటి కింద పెట్టిన వేలు

టైపు సారు పోయిన సంగతి యాదయ్య ఫోన్ చేసి చెప్పాడు. మేమిద్దరం అబిడ్స్‌లో ఒకే చీరల దుకాణంలో పనిచేస్తాం. "టైపు సారు పోయిండంట అన్నా. చాయ్ హోటల్ కాడ అనుకుంటున్నరు," అన్నాడు. నిజమో కాదో చూద్దామని బయల్దేరాను. అట్లా పోయి చూడటం సారు దగ్గర నేర్చుకున్నదే.

నాంపల్లిలో ఒక మేడమెట్ల కింద ఆయన టైపు మిషన్ ఉండేది. దరఖాస్తులు, సంజాయిషీలు ఇంగ్లిష్‌లో కొట్టిచ్చేవాడు. ముందు మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి సంగతంతా తెలుగులో చెప్పించుకునేవాడు. అప్పటిదాకా మిషన్‌లో కాగితం ఎక్కించేవాడు కాదు. మాటమాటకూ వేలు ఒకసారి కంటి కింద, ఒకసారి నుదుటి మీద పెట్టుకుని అడిగేవాడు: "సీనా? థింకా?" కంటితో చూసిందా, మనసులో అనుకున్నదా అని.

ఆ రెండు మాటలకు తేడా చిన్నపిల్లలకు కూడా తెలుసని నేననుకునేవాణ్ణి.

ఒకసారి దుకాణంలో పట్టుచీరల కట్ట కనబడలేదు. ఎవరికి తెలిసింది వాళ్లు రాసివ్వమన్నాడు సేటు. ఆ రోజుల్లో యాదయ్యకూ నాకూ మాటల్లేవు. సారు దగ్గరికి పోయి, "యాదయ్య చీరలు తీస్కపోతుంటే చూసిన అని కొట్టుండ్రి సార్," అన్నాను.

"చీరలు చూసినవా?"

"సంచి చూసిన. నిండుగ ఉండె. ఎనక తలుపుకెళ్లి పోయిండు."

"అయితే సంచికి 'సీ'. చీరలకు 'థింక్'."

"అంతా ఒకటే గద సార్. ఇంగ్లిషోళ్లు సమజైందనడానికి గూడ 'ఐ సీ' అనే అంటరు."

సారు నవ్వాడు. "ఔ, అంటరు. ఎదుటోని మొకం మీద తప్పనలేక 'ఐ థింక్' అని గూడ అంటరు. అవి ముచ్చట్లు. ఇది కాగితం. దీంతోని ఒకని నౌకరి పోతది. నీ కన్ను ఎంత చెప్పిందో గంతే కొడ్త."

"వేరే టైపిస్టు లేడా ఏంది?"

"ఉన్నడు. రోడ్డుకు అవుతల. మంచిగ కొడ్తడు, పో."

లేచి రోడ్డు అంచుదాకా పోయాను. చాలాసేపు నిలబడి, మళ్లీ వచ్చి స్టూలు మీద కూర్చున్నాను. సారు మిషన్‌లో కాగితం ఎక్కించాడు. సంచి సంగతి ఒక్క వాక్యం కొట్టి, "థింక్ గూడ కొట్టాల్నా?" అని అడిగాడు.

"వద్దు సార్."

ఆ ఒక్క వాక్యంతో సేటు ఎవరినీ తీసేయలేకపోయాడు. చీరలు దొరకలేదు. ఆ సంచిలో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ కాగితం సంగతి యాదయ్యకూ తెలియదు. తర్వాత ఎప్పుడో మాటలు కలిశాయి. ఇప్పుడు మధ్యాహ్నం ఇద్దరం ఒకేచోట కూర్చుని తింటాం. ఒక వాక్యం తక్కువ కొట్టినందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

పోయిన నెల సారు దగ్గుతూ కనిపించాడు. "రేపు ఉంటరా సార్?" అంటే, నుదుటి మీద వేలు పెట్టుకున్నాడు.

నేను పోయేసరికి మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. మాట నిజమేనని, పొద్దున్నే ఊరికి తీసుకుపోయారని చాయ్ హోటలతను చెప్పాడు. స్టూలు దాని చోటనే ఉంది. కాసేపటికి యాదయ్య వచ్చాడు. చేతిలో సంచి. అందులోంచి చామంతి దండ తీసి మిషన్ మీద పెట్టాడు. ఖాళీ సంచిని నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుని, నా పక్కన నిలబడ్డాడు.