తంగేడు పూలు ఏరిన చెయ్యి

1943లో నన్ను తిరుమలగిరి దగ్గర ఒక చిన్న సర్కారు దవాఖానకు కాంపౌండర్‌గా వేశారు. కుట్లు వేయడం డాక్టర్ సాబ్ పని. కట్టు కట్టడం, మందు కలపడం, దాన్ని ఎట్లా తాగాలో చెప్పడం నా పని.

ఆ ఏడు బతుకమ్మకు తంగేడు పూలు కోస్తూ బాలమణి అనే తొమ్మిదేళ్ల పిల్ల బండ మీది నుంచి జారిపడింది. ఎడమ చెవికి పైన తల పగిలింది. ఎనిమిదో రోజు కుట్లు విప్పాక, ఇక ఫికర్ లేదని వాళ్లవ్వకు, అంటే తల్లికి, గొప్పగా చెప్పాను.

చలికాలంలో అవ్వ పిల్లను మళ్లీ తెచ్చింది. మధ్యాహ్నపు ఎండ వరండాలోకి వాలి ఉంది. బల్ల మీద కూర్చున్న బాలమణి మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి. కుడిచెయ్యి మెల్లగా లేచి, గాలిలో కనపడని పూలను ఒక్కొక్కటే తెంపసాగింది. పిలిస్తే పలకదు. నిజం చెప్పొద్దూ, నేను మైమరచి చూస్తూ నిలబడ్డాను.

"తంగేడు కాడ గాలి సోకిందంటున్నరు సారూ. నొసట వాత పెట్టిస్తనని వాళ్ల నాయిన కూసున్నడు," అని అవ్వ ఏడ్చింది.

డాక్టర్ సాబ్ నన్ను కసిరి, అది ఎంతసేపు ఉంటుందో గడియారం చూడమన్నారు. దెబ్బ ఎడమవైపు, ఆడేది ఆ వైపు మెదడు నడిపే కుడిచెయ్యి; మెదడులో మిగిలిన గాయపు మచ్చ తెచ్చే మూర్ఛ ఇది, గాలీ కాదు ధూళీ కాదన్నారు. మూర్ఛను ఆపే బ్రోమైడ్ మందు రాశారు. మోతాదులకు గాట్లు పెట్టిన కాగితం సీసాకు అంటించి, "పూలేరుడు ఆగాలంటే ఇది తాపాలె అవ్వా" అన్నాను. వాత పెట్టనియ్యనని అవ్వతో ఒట్టు కూడా వేయించుకున్నాను.

నెల తిరగకముందే తల్లీతండ్రీ పిల్లను ఎడ్లబండిలో మళ్లీ తెచ్చారు. బండిలోంచి దించుతుండగానే పిల్ల ఒళ్లంతా కొట్టుకుంది, పెదవులు నల్లబడ్డాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టి నురగ తుడిచాం. కాసేపటికి ఊపిరి కుదుటపడింది. అప్పుడు అవ్వ కొంగులోంచి సీసా తీసింది. సగానికి పైగా మందు అట్లనే ఉంది.

"పూలేరిన పొద్దే తాపిన సారూ. మంచిగున్న పిల్లకు మందెందుకని దాసిపెట్టిన. నువ్వు గట్లనే అంటివి గద!"

అన్నాను. నిజమే, ఆనాడు రోజూ తాపమన్న మాట నా నోట రాలేదు. వాళ్ల నాయిన వాత మాట ఎత్తితే, తప్పు మందుది కాదు, నాదని చెప్పాను. ఈసారి అన్నీ విడమరచి చెప్పి, ఎట్ల తాపుతవో నువ్వు చెప్పమని అవ్వను అడిగాను. అవ్వ తడబడుతుంటే, తెలివి వచ్చిన బాలమణి బల్ల మీది నుంచి అందుకుంది: "మంచిగున్న పొద్దు గూడ తాగాలె."

ఆ తర్వాత నా ఉద్యోగమంతా, మందు ఎట్లా తాపుతారో వాళ్ల నోటితో చెప్పించుకోకుండా ఒక్క సీసా చేతికివ్వలేదు.