మూళై పోయి మూలం వచ్చిన సభ

నేను మెదడు మీద పరిశోధన చేస్తాను. ఒకే దెబ్బ ఒకరికి ఎక్కువగా, ఇంకొకరికి తక్కువగా ఎందుకు నొప్పెడుతుందో కనుక్కోవడం నా పని. ఉద్యోగం బెంగళూరులో, పుట్టింది తమిళనాడులో మా తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే రాజపాళయంలో. అప్పుడప్పుడూ జనంలోకి వెళ్ళి మీ పనేమిటో చెప్పండని మా సంస్థవాళ్ళు పట్టుబట్టినప్పుడు, మొదటి సభ మా ఊళ్ళోనే పెడతానని గొప్పగా ఒప్పుకున్నాను.

ఏర్పాట్లన్నీ మా మామ చూశాడు. కల్యాణ మండపం మాట్లాడాడు, బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టించాడు. తమిళంలో మెదడును మూళై అంటారు. ఫ్లెక్సీ కొట్టినవాడు దాన్ని మూలం అని కొట్టాడు. మూలం అంటే మొలల జబ్బు. ‘మూలం గురించి అన్నీ తెలుసుకోండి, అందరూ రండి’ అని పెద్ద అక్షరాలు, పక్కన నవ్వుతున్న నా ఫోటో. ఫోటో బాగా పడిందా లేదా అని చూశాడే తప్ప మామ అక్షరాలు చదవలేదు. నేనసలు ఫ్లెక్సీనే చూడలేదు.

సాయంత్రం ఐదింటికి మండపం నిండిపోయింది. వింతేమిటంటే, వేసిన కుర్చీలన్నీ ఖాళీ. వచ్చినవాళ్ళంతా గోడల వెంట నిలబడ్డారు. కూర్చోండి, కూర్చోండి అని మైకులో బతిమాలాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గానీ ఒక్కరూ కదల్లేదు. సైన్సంటే ఇంత మర్యాదా అని నా కళ్ళు చెమర్చాయి.

“ఇంత ముఖ్యమైనదాన్ని మనం రోజులో ఒక్కసారైనా తలుచుకోం,” అని మొదలుపెట్టాను.

“దినమూ తలుచుకుంటానే ఉండాము అమ్మా,” అన్నారెవరో వెనకనుంచి. చాలామంది తలలూపారు.

ఉత్సాహం వచ్చి, బల్లమీద గుడ్డ కప్పి పెట్టిన మెదడు బొమ్మను చూపించాను. అసలు మెదడుకు రెండింతలుంటుంది, ఎర్రగా, ముడతలు ముడతలుగా. ముందు నిలబడిన ఒకాయన రెండడుగులు వెనక్కి వేశాడు. తళవాయిపురంనుంచి రోజూ బస్సులో వచ్చి మిల్లులో పనిచేసే మనిషి.

“అయ్యో డాక్టరమ్మా! ఇంత పెద్దదా? ఇది ఎవురికి వచ్చినాది?”

“ఇది మీకూ ఉండాది, నాకూ ఉండాది.”

“నాకు ఇంత లేదు మా! చిన్నదే. ఆపరేషన్ వద్దని చెప్పినారు.”

మామకు అప్పుడు అనుమానం వచ్చింది. స్కూటరు మీద బస్టాండుకు వెళ్ళి, పాలిపోయిన మొహంతో తిరిగొచ్చి నా చెవిలో అన్నాడు: “మూళై పోయి మూలం వచ్చినాది మా. అందరినీ పంపించేసేదా?”

భూమి రెండుగా చీలితే బాగుండుననిపించింది. అయినా అంత బాధతో బస్సుల్లో వచ్చినవాళ్ళను ఊరికే ఎలా పంపను? ఉన్నదున్నట్టు చెప్పాను. నేను మొలల డాక్టర్ని కాదు, ఆ డాక్టరు ఊళ్ళో ఎక్కడుంటారో మామ రాసిస్తాడు, నాకు తెలిసింది నొప్పి ఒక్కటే అన్నాను. గోడ దగ్గరనుంచి ఒక ముసలామె, “మాకు ఉండేది నొప్పే కదా. దాన్నే చెప్పు,” అంది.

గంటన్నర చెప్పాను. ఏ సదస్సులోనూ నా మాట ఎవరూ అంత శ్రద్ధగా వినలేదు. చివర్లో ఆ మిల్లాయన అడిగాడు: “మిల్లులో ఎనిమిది గంటలు నిలబడినా నొప్పి తెలీదు. బస్సులో అరగంట నిలబడితే ప్రాణం పోతాది. రెండు చోట్లా నిలబడేదే కదా. ఎందుకు మా?”

పని మీద ధ్యాస ఉంటే, అని ఏదో మొదలుపెట్టి ఆగిపోయాను. సరిగ్గా తెలియదని ఒప్పుకున్నాను.

“తెలీదా? మరి బెంగళూరులో ఏమి చేస్తాండారు?”

మండపమంతా నవ్వింది. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా. కనుక్కోవడానికి సాయం చేయమని ఆయన్నే అడిగాను. నా నంబరు తీసుకున్నాడు.

అప్పటినుంచి వారానికి రెండు మూడు వాయిస్ మెసేజీలు వస్తాయి. బస్సులో పాత పాట వేస్తే నొప్పి సగం, కొత్త పాట వేస్తే మొత్తం. కిటికీ పక్కన నిలబడితే నయం. అన్నీ రాసుకుంటున్నాను. మొన్న వచ్చింది ఇది:

“డాక్టరమ్మా, ఈ దినం సేత్తూరు ఆయన ఒకరు దారంతా వాళ్ళ అల్లుడి గురించి చెప్తా వచ్చినాడు. కింద నొప్పి సుత్తంగా, రవ్వంత కూడా తెలీలేదు. తలనొప్పి మాత్రం వచ్చినాది. ఇది మీ లెక్కలోకి వస్తాదా?”

వస్తుందని చెప్పాను.