ఫ్యూజులో పెట్టిన రాగితీగ

పర్చూరు దగ్గర ఒక ఊళ్లో నేను హైస్కూలు సైన్సు మాస్టారుగా పనిచేసేవాణ్ణి. తెల్లదోమ వచ్చి పత్తి రైతును ముంచడానికి కాస్త ముందు సంవత్సరాలవి. సీజన్లో ఊరి చివర జిన్నింగు మిల్లు గేటు ముందు పత్తి బోరాలతో ట్రాక్టర్లు బారులు తీరేవి. తూకం అయ్యేదాకా రైతులు రోజంతా అక్కడే పడిగాపులు పడేవాళ్లు. వాళ్ల ఆకలి చూసి, మా వీధి చివర ఉండే ఒకాయన అక్కడ తిండిబండి పెట్టాడు. ఆయన చాలా ఏళ్లు సైన్యంలో వంటవాడిగా చేసి వచ్చాడు. ఊరంతా ఆయన్ని మిలిటరీ అనే పిలిచేది.

మిలిటరీ ఎక్కడో వేలంలో పాత జీపు ట్రైలరు కొని, దానికి రేకుల కప్పు వేయించి, మధ్యలో ఖాళీ నూనె డ్రమ్ము నిలబెట్టాడు. అడుగున నిప్పులు, వాటి మీద తడిపిన తుమ్మ చెక్కముక్కలు, పైన కొక్కేలకు ఉప్పూ కారం నిమ్మరసం పట్టించిన కోళ్లు. మూతపెట్టి మూడు గంటలు పొగలో ఉంచితే మాంసం ఎముక నుంచి దానంతటదే విడిపోయేదట. 'అట' అంటున్నది నేను రుచి చూడలేదు కాబట్టి. మాది పౌరోహిత్యం చేసే కుటుంబం. మా ఇంట్లో కోడిగుడ్డు మాట కూడా ఎత్తరు.

ఒకరోజు పొద్దున్నే ఆయన మా ఇంటికి వచ్చి మెట్ల దగ్గరే నిలబడ్డాడు.

"మాస్టారూ, నిప్పు పెడితే బండి తీసెయ్యమంటున్నారండి మేనేజరు గారు. ఒక్క రవ్వ ఎగిరి పత్తిలో పడితే మిల్లు మిగలదంట. అదీ నిజమే కదండీ. కరెంటు పొయ్యి పెట్టుకుంటే పెట్టుకో, వాచ్‌మన్ గదిలోంచి లైను తీసుకో అన్నారు. ఏ పొయ్యి కొనాలో మీరే చెప్పాలి."

నాకు లోలోపల గర్వంగా అనిపించింది. ఆ ఊళ్లో కరెంటు సంగతి నన్ను అడిగినవాళ్లు అప్పటిదాకా లేరు. ఆదివారం ఆయనతో గుంటూరు బయల్దేరాను. మా ఆవిడతో మాత్రం స్కూలు లాబొరేటరీకి సామాను తేవాలని చెప్పాను. కోళ్ల బండి కోసం వెళ్తున్నానని చెప్పడానికి నోరు రాలేదు.

కొట్టులో రెండు పొయ్యిలు చూపించారు. ఒకటి వెయ్యి వాట్లది, కాయిల్ కనిపించకుండా పైన ఇనప పళ్లెం మూసి ఉంది. రెండోది రెండువేల వాట్లది, మట్టి పళ్లెం గాడుల్లో కాయిల్ బయటికే కనిపిస్తోంది. కొట్టాయన పెద్దవాడు. "ఏ లైను మీద వాడతారండి? లైట్ల లైనైతే చిన్నది తీసుకోండి" అన్నాడు.

మిలిటరీ కూడా అదే అన్నాడు. "పొగకి మంట అక్కర్లేదు మాస్టారూ. చెక్క సన్నగా రాజుకుంటే చాలు. చిన్నది సరిపోదూ?"

"సాయంత్రమైతే మన ఊళ్లో ఓల్టేజి సగానికి పడిపోతుంది. చిన్నది అప్పుడు ఏం వేడెక్కుతుంది?" అన్నాను. కొట్టాయన ఇంకేదో చెప్పబోయాడు. "నేను సైన్సు మాస్టార్నండి" అన్నాను. ఆయన పెద్ద పొయ్యి కాగితంలో చుట్టి ఇచ్చాడు.

నేను చెప్పింది పూర్తిగా తప్పు కాదు. కానీ పొయ్యి ఎంచుకునే ముందు వాచ్‌మన్ గదికి వెళ్లి అక్కడి తీగ చూడాల్సింది. చూడలేదు. గేటు పక్కన తాటాకు కప్పిన చిన్న గది అది. ఒక్క బల్బు కోసం ఎప్పుడో లాగిన సన్నటి తీగ, దానికో ఫ్యూజు. పొయ్యి కొన్నాక చూశాను. చూసి కూడా, పెద్ద పొయ్యి ఎంచింది నేనే కాబట్టి, ఏం ఫరవాలేదన్నాను.

మొదటి వారం ఓల్టేజి తక్కువగా ఉండి బాగానే నడిచింది. నిప్పు లేకుండా డ్రమ్ములోంచి సన్నగా పొగ లేస్తుంటే రైతులు చుట్టూ చేరి చూశారు. స్వయంగా మేనేజరే వచ్చి మెచ్చుకున్నాడట. నేను స్కూలుకు వెళ్తూ వెళ్తూ అటువైపు నడిచి, దూరం నుంచి చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

తర్వాత ఓల్టేజి నిండుగా వచ్చినప్పుడల్లా ఫ్యూజు పోవడం మొదలైంది. ఒక్కో రోజు మూడుసార్లు. సగం ఉడికిన కోళ్లు డ్రమ్ములో ఉండిపోయేవి. నేను వెళ్లినరోజు ఒక రైతు గట్టిగానే అన్నాడు. "ఏరా మిలిటరీ, మాస్టారు ఎంచిన పొయ్యి ఇంతేనా?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. గదిలోకి వెళ్లి, పాత వైరు ముక్క ఒలిచి, నాలుగు రాగి పోగులు మెలిపెట్టి ఫ్యూజులో బిగించాను. పక్కనే వాచ్‌మన్ తాత నిలబడి చూస్తున్నాడు.

"అంత లావు తీగ పెట్టొచ్చా బాబూ?"

"ఏం కాదు తాతా."

ఆ నెలలోనే నేను పదో తరగతి పిల్లలకు ఫ్యూజు పాఠం చెప్పాను. అది బలహీనంగా ఉండాలి, ముందు అది కాలిపోతేనే ఇల్లు దక్కుతుంది అని బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాను.

నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం క్లాసులో ఉండగా మిల్లు వైపు నుంచి కేకలు వినిపించాయి. హెడ్‌మాస్టరు గారూ నేనూ పరుగెత్తాం. తీగ అతుకు దగ్గర కాలి, వాచ్‌మన్ గది తాటాకు కప్పు అంటుకుంది. లోపలున్న ట్రంకుపెట్టె కోసం తాత దూరాడు. ఎడమచెయ్యి మోచేతి దాకా కాలింది. కూలీలు ఇసకా నీళ్లూ పోసి, మంట పత్తి దాకా పోకుండా ఆపగలిగారు. తాత నేల మీద కూర్చుని అరుస్తున్నాడు. మేనేజరు ఫ్యూజు చేత్తో పట్టుకుని అందరి మధ్యా నిలబడ్డాడు.

"ఈ రాగితీగ ఎవడు పెట్టాడ్రా?"

మిలిటరీ ఒక్కసారి నా వైపు చూశాడు. నేను తల వంచుకుని నా చెప్పులు చూసుకున్నాను.

"నేనేనండి. తెలియక పెట్టాను" అన్నాడు మిలిటరీ.

మేనేజరు ఆయన్ని అనరాని మాటలన్నాడు. పొద్దుగూకే లోపల బండి కనపడకూడదన్నాడు. మిలిటరీ తాతను ట్రాక్టరు ఎక్కించుకుని చీరాల ఆస్పత్రికి వెళ్లిపోయాడు. స్కూలుకు తిరిగి వస్తుంటే హెడ్‌మాస్టరు గారు అన్నారు: "చదువులేని వాళ్లు కరెంటుతో ఆటలాడితే ఇంతేనండీ."

"అవునండి" అన్నాను.

మౌనంగా ఉండటం కంటే ఆ 'అవునండి' నన్ను ఎక్కువ తినేసింది.

నాలుగో రోజున బత్తాయిలు పట్టుకుని ఆస్పత్రికి వెళ్లాను. తాత నన్ను చూసి, కట్టు కట్టిన చెయ్యి కాస్త పక్కకు జరిపి కూర్చోమన్నాడు. "పెట్టింది మీరని నాకు తెలుసు బాబూ. నన్నెవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి" అన్నాడు. కోపంగా అనలేదు. బత్తాయిలు పక్కమంచం వాళ్లకు ఇచ్చెయ్యమన్నాడు.

మేనేజరు దగ్గరకు వెళ్లి చెప్పడానికి నాకు ఇంకో పది రోజులు పట్టింది. అంతా విని, "ఇప్పుడు చెప్తే ఏం లాభం మాస్టారూ? ఆ రోజు చెప్పాల్సింది" అన్నాడు. తాతకు పక్కా గది కట్టిస్తున్నామని మాత్రం చెప్పాడు. హెడ్‌మాస్టరు గారికీ చెప్పాను. ఆయన, "మీరేమిటండీ, కోళ్ల బండికి..." అన్నారు. కాలిన చెయ్యి ఆయనకు గుర్తుకే రాలేదు. ఆయన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. నేను దాచిందీ మొదట ఆ కోళ్ల సంగతే కదా.

అప్పటికే మిలిటరీ ట్రైలరును వేటపాలెం తీసుకెళ్లిపోయాడు. జీడిపప్పు కార్ఖానాల నుంచి ఆడవాళ్లు పని దిగే దారిలో పెట్టాడని విని, సెలవు రోజున బస్సెక్కి వెళ్లాను. ఆయన మళ్లీ కట్టెల నిప్పు మీదే వండుతున్నాడు. నన్ను చూసి బల్ల తుడిచి కూర్చోబెట్టాడు. మేనేజరుకు నిజం చెప్పేశానని చెప్పాను. క్షమించమని కూడా అడిగాను.

"ఎందుకండీ అదంతా?" అన్నాడు. "మీకోసమని చెప్పలేదు నేను. అక్కడ మనిషి చెయ్యి కాలి అరుస్తున్నాడు. ఎవరో ఒకళ్లు ఔనంటే గానీ ఆ రచ్చ తెగదు, ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లేవాడు ఉండడు. మీరు అనలేదు. నేనన్నాను. అంతే."

ఇంతలో ఆడవాళ్లు గుంపుగా వచ్చారు. ఆయన లేచి వాళ్ల పనిలో పడ్డాడు. బస్సు వచ్చేదాకా నేను అక్కడే కూర్చున్నాను. మళ్లీ రమ్మని ఆయన అనలేదు.

తాతకు చెయ్యి మానింది గానీ రెండు వేళ్లు మడత పడలేదు. అయినా ఆ గేటు దగ్గరే ఉద్యోగం చేశాడు. కనిపిస్తే కుడిచేత్తో దణ్ణం పెట్టేవాడు. ఆ దణ్ణం తీసుకోలేక, బదిలీ అయ్యేదాకా రెండేళ్లూ నేను రోడ్డు వదిలేసి, మిరపచేల గట్ల మీదుగా చుట్టు తిరిగి స్కూలుకు వెళ్లాను.