అమ్మగారి గౌను, తమ్ముడి చొక్కా

అధ్యక్షులవారి భవనం గేటు దగ్గర కాపలావాడు మా దర్జీపిల్ల గుండుసూది చేతిలోంచి కత్తెర లాక్కున్నాడు. ఆయుధాలు లోపలికి పోనివ్వరట. అది నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఉంచుకో నాయనా. లోపల అమ్మగారి గౌను పళ్లతో కొరుకుతాను. రేపు సభలో అది ఊడిపడితే, కత్తెర లాక్కున్నదెవరని ఆవిడ అడగదూ? నీ పేరేదో ఇప్పుడే చెప్పు, కంఠతా పడతా."

వాడు పేరూ చెప్పలేదు, కత్తెరా ఉంచుకోలేదు. పక్కనే గుడ్డల మూటతో నేనున్నాను, కళ్లారా చూశాను.

గుండుసూది అని పేరు పెట్టింది నేనే. పనిలో ఉన్నంతసేపూ పెదాల మధ్య సూదులు పట్టుకునేది, మాట్లాడేది కాదు. మా కుట్టుపని కొట్లో అది కత్తిరించి కుట్టేది, నేను గుండీలకి కాజాలు తీసేదాన్ని. నాలా కాజా తీసేవాళ్లు ఆ వీధిలో లేరు, ఇప్పటికీ లేరు. తల్లి పోయాక పసివాడైన తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకునే మిషను తొక్కింది. పెళ్లి మాటెత్తితే, "వీడి నిక్కర్లకే గుడ్డ చాలట్లేదత్తా, మొగుడికెక్కణ్ణుంచి తేను?" అనేది.

ఆ తమ్ముడు పెద్దవాడై లారీ నడిపేవాడు. ఏదో కొట్లాటలో ఒక పోలీసాయన చచ్చిపోయాడు. పొడిచింది వీడేనని ఉరిశిక్ష వేశారు. చేశాడో లేదో నేనడగలేదు, అది చెప్పలేదు. కోర్టులన్నీ అయిపోయి, ఇక అధ్యక్షులవారు క్షమించడం ఒక్కటే మిగిలింది.

ఆయన్ని కలవడం మా తరమా? ఆయన భార్య, అమ్మగారి కొలతలు మాత్రం దీని చేతిలో ఉన్నాయి. ఆవిడ ఏ ఎన్నికా గెలవలేదు, ఏ కుర్చీలోనూ కూర్చోలేదు. అయినా ఆవిడ మొహం చిట్లిస్తే పెద్దాసుపత్రి డాక్టరు బదిలీ అయిపోయాడు. ఆవిడ కారు గుంటల్లో ఎగిరిపడిందని మా వీధికి తారు పడింది.

గేటు దాటిన ఆ రోజే, లోపల గౌను తొడిగి చూసేటప్పుడు గుండుసూది నోట్లోంచి సూదులన్నీ తీసి అరచేతిలో పెట్టుకుంది. తమ్ముడి ప్రాణం అడిగేసింది. నేను గౌను అంచు పట్టుకుని నేలమీద కూర్చునున్నాను.

"ఆయన పనుల్లో నేను వేలు పెట్టను," అంది అమ్మగారు అద్దంలో చూసుకుంటూ.

"మరి డాక్టరుగారి బదిలీ ఎవరి వేలమ్మా?"

ఆవిడకి కోపం రాలేదు. దానికే నాకు ఎక్కువ భయమేసింది. నడుం తడుముకుని, "ఇక్కడ వదులుగా ఉంది, బిగించు. శుక్రవారం పొద్దున్నే మేం విమానమెక్కాలి. తెల్లారకముందే వచ్చి నువ్వే తొడుగు. ఆయనా ఉంటారు. చూద్దాం," అంది.

శుక్రవారం తెల్లారగానే ఉరి. ఆవిడ తెలిసే అందో, తెలియకే అందో!

"చూద్దామంది, లేదనలేదుగా," అని దారి పొడుగునా అంటూనే ఉంది గుండుసూది. నేను ఊఁ కొట్టాను.

గురువారం సాయంత్రం కొట్లోకి వెళ్తే గౌను ఇస్త్రీ అయి వేలాడుతోంది. అదేమో తెల్లచొక్కా కుడుతోంది, తమ్ముడి కొలతకి. నేను ఊరుకోక నోరు పారేసుకున్నాను.

"ఇదేం కాలరే, ఇంతెత్తు! వాడేమన్నా కొంగా?"

అది నవ్వలేదు. అప్పుడు వెలిగింది నాకు.

"అత్తా, ఒకే పొద్దున నేను రెండుచోట్ల ఉండలేను. నువ్వీ చొక్కా పట్టుకుని జైలు గేటు దగ్గర నిలబడు. ఉరి ఆపితే లోపలికి పంపించు, వాడే తొడుక్కుంటాడు. ఆపకపోతే నువ్వే తొడుగు. మెడ కనపడకూడదు. పై గుండీకి ఇంకా కాజా లేదు. అది నువ్వు తియ్యి."