ఒళ్ళు విదిలించని గొర్రె

ఊరంతా కంప్యూటర్ల వెంట పరుగెడుతున్న రోజుల్లో, శ్రీకాకుళం నుంచి వచ్చిన దేముడుబాబు నేరేడ్‌మెట్‌లో గొర్రెలు కాసేవాడు. అవి కృత్రిమ రక్తనాళాలు తయారుచేసే ప్రయోగశాల గొర్రెలు. ఏం ఉద్యోగమని బంధువులడిగితే ‘సైన్సు లైను’ అనేవాడు. అందులో అబద్ధమేముంది!

వెంట్రుకను నిలువునా వెయ్యి చీలికలు చేస్తే వచ్చేంత సన్నని పోగులతో గొట్టం చేయించి, డాక్టర్ జ్ఞానశేఖర్ గొర్రె మెడలో అతికించేవాడు. పోగు అంత సన్నగా ఉంటేనే ఒంట్లోని కణాలు దాన్ని తమదనుకుని అల్లుకుంటాయట. దేముడుబాబు రోజూ పొద్దున్నే ఆ మెడ మీద అరచెయ్యి వేసి చూడాలి. లోపల రక్తం జుమ్మంటుంటే గొట్టం బాగున్నట్టు. కొన్ని నెలలయ్యాక గొర్రెను చంపి, గొట్టం తీసి చూస్తారు.

ఆ రోజు మాత్రం దేముడుబాబు పట్టుబట్టి తమ ఊరి ఆచారం జరిపించేవాడు. పసుపునీళ్ళు పోస్తే జీవం ఒళ్ళు విదిలించాలి. విదిలిస్తే అమ్మవారు ఒప్పుకున్నట్టు, లేదంటే ఆవిడకు వేరే ప్రాణం కావాలన్నట్టు. చర్చికెళ్ళే మనిషైనా డాక్టరు కాదనేవాడు కాదు. తడిస్తే విదిలించని గొర్రె ఎక్కడుంది గనక!

బుల్లెమ్మ విదిలించలేదు. తల్లి లేని ఆ పిల్లను దేముడుబాబే సీసా పాలతో పెంచాడు. మొదటి చెంబుకు అది కదలకపోతే, బతికిపోయిందని లోలోపల సంతోషించాడు. డాక్టరు ఇంకో చెంబు పొయ్యమన్నాడు. ఉన్నిలోంచి నీళ్ళు కారుతున్నా గొర్రె రెప్ప వెయ్యకుండా దేముడుబాబునే చూస్తోంది. మెడ మీద చెయ్యి వేస్తే జుమ్మనడం ఎప్పటికన్నా గట్టిగా తగిలింది. రేపు చూద్దామని బతిమాలాడు. గొట్టం చూడ్డానికి బెంగళూరు నుంచి పెద్దవాళ్ళు వచ్చి కూర్చున్నారు, కుదరదన్నాడు డాక్టరు.

మూడో చెంబు పోశాడు. మే నెల ఎండ నడినెత్తిన ఉంది. ఉన్నట్టుండి దేముడుబాబు ఒళ్ళు తల నుంచి కాళ్ళ దాకా ఒక్క విదిలింపు విదిలించుకుంది.

“ఏందీ, జ్వరమొచ్చిందా? జెర కూర్చో,” అన్నాడు డాక్టరు.

“బుల్లెమ్మనొగ్గేయండి సార్. అమ్మోరు నన్నొప్పుకున్నాది.”

డాక్టరు నవ్వి అతని భుజం తట్టి, గొర్రెను లోపలికి తోలించాడు. గొట్టంలో ఎక్కడా రక్తం గడ్డకట్టలేదట. సాయంత్రం అందరికీ మిఠాయి పంచారు.

దేముడుబాబు మిఠాయి ముట్టలేదు. ఇంటికొచ్చి, ఇన్నేళ్ళూ తానే వేసే మంచినీళ్ళ మోటారు దగ్గరికి భార్య అమ్మన్నమ్మను పిలిచి, ముందు ఏ మీట నొక్కాలో చూపించాడు.

“నువ్వున్నావు కదేటి, నాకెందుకది?” అని నవ్విందావిడ.

“నేర్సేసుకో,” అన్నాడు.